తియ్యటి నీళ్లు

2017 జూన్ 12, సోమవారం ఉదయం తొమ్మిదింబావుకు చిట్యాలలో బస్సెక్కాం, నేనూ నా ఏడేళ్ల మనవరాలూ. పిల్లకు దాహమైతే సీసా మూత తీశాను. పక్క సీట్లో, నడుం వంగిపోయిన ఒకామె అడిగింది.

“నల్లా నీళ్లా, అక్కా?”

“నల్లా నీళ్లు మందు వాసనొస్తయ్. ఇవి మా బోరువి. తియ్యగుంటయ్, పప్పు జల్ది ఉడుకుతది.”

“మా బాయి నీళ్లు గూడ గట్లనే తియ్యగుండె. గవి తాగే నా నడుం గిట్లయింది.” ఆమె సీసా మూతి మీద అరచెయ్యి పెట్టింది. “ఫ్లోరైడ్ ఉంటే నాలికెకు తెల్వదక్కా. బిడ్డ పండ్ల మీద గీతలు సూసినవా? గవి గూడ గా నీళ్లవే.”

ఆ గోధుమరంగు గీతలు నేను రోజూ చూస్తున్నవే. నీళ్లను నాలుకతో, పళ్లను కంటితో తేల్చేసి, సరిగా తోముకోదని పిల్లను చుట్టాల ముందు కూడా “పాచిపండ్లదానా” అని తిట్టేదాన్ని.

“అవ్వా, అయితే నేను మంచిగనే తోముకున్ననా?” అంది పిల్ల.

సీసా మూత బిగించాను.

ఇంటికి వచ్చాక, నది నుంచి శుద్ధి చేసి పంపే నల్లా నీళ్లకు మారాం. అప్పటికే పిల్లకు ముందు పళ్లు నాలుగింటి తెలుపు పోయింది. నలుగురిలో నోరారా నవ్వడం పోయింది. మొదటిది నీళ్ల వల్ల, రెండోది నా వల్ల.