కనుమ మీది ఆచారి కత్తి

వామన ఆచారి పోయి పదిహేను రోజులైంది. వక్క వలిచే మిషను కనిపెట్టినవాడు పోయాడని ఏ పేపర్లోనూ రాలేదు. ఎలా వస్తుంది? మిషను మీద ఆయన పేరుంటే కదా! నాకు ఒళ్ళు మండి చెబుతున్నాను, వినండి.

నేను దూమప్పని. ఆగుంబె కనుమలో తిరిగే మినీబస్సుకి కండక్టర్ని. పైన తీర్థహళ్ళిలో ఆచారి కొలిమి. కింద హెబ్రిలో కేశవ భట్టుగారి వక్కతోట. మధ్యలో పద్నాలుగు మలుపులు. పెద్ద బస్సు అక్కడ తిరగలేదు, అందుకే మా డొక్కు బస్సు.

భట్టుగారు బుర్రున్న మనిషి. కాలితో తొక్కితే తిరిగే మిషను ఒకటి కట్టారు. కానీ ఎండిన కాయ పీచు తగిలితే చాలు, కత్తులు టపటపా విరిగిపోయేవి. కనుమ పైన మంచి కమ్మరి ఉన్నాడని ఎవరో చెబితే, విరిగిన కత్తి ఒకటి నా చేతికిచ్చి పంపారు. ఆచారి దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"ఇది కొయ్యాలని చూస్తోంది మారాయా! మా ఇంటిది కత్తిపీట మీద కాయని కోస్తుందా? గుచ్చి, మెలి తిప్పుతుంది. కత్తికే ఆ మెలిక పెట్టాలి."

ఆ మెలిక లేకపోతే మిషను లేదు. ఆ మెలిక ఆచారిది.

మూడేళ్ళు నడిచింది. కింద నుంచి కాయల గోతం పైకి, పై నుంచి వక్కమట్టలో చుట్టిన కత్తి కిందికి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. భట్టుగారికి మూడో మలుపుకే వాంతులు. ఆచారి కొలిమి వదిలితే ఇంట్లో పూట గడవదు. ఇక మాటలన్నీ నా నోటితోనే.

"పైన ఆచారికి చెప్పు, గింజ నలుగుతోందని!"

"కింద భట్టుకి చెప్పు, కాయలు నా దగ్గరికొచ్చేసరికి మంచుకి మెత్తబడుతున్నాయని! మూతున్న డబ్బాలో పంపడం రాదా ఆయనకి?"

ఇద్దరి తిట్లూ నేనే తిన్నాను.

ఒకరోజు భట్టుగారు, "మిషను మీద ఇద్దరి పేర్లూ కొట్టిస్తానని చెప్పు" అన్నారు. ఆ కబురు వినగానే ఆచారి కొలిమి ఆపేసి నన్ను హోటలుకి లాక్కెళ్ళి గోళీబజె తినిపించాడు. "ఈ ఊళ్ళో ప్రతి కొడవలీ నా చేతి పనే దూమప్పా. ఒక్కదాని మీదా నా పేరు లేదు" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు తినబుద్ధి కాలేదు.

ఆఖరి కత్తి కిందికి చేర్చిన వారానికి ఏడో మలుపు దగ్గర కొండ జారింది. మూడు నెలలు దారి మూత.  నన్ను శివమొగ్గ రూటుకి వేశారు, ఇద్దరి మధ్యా కబురు మోసేవాడే లేకపోయాడు.

దారి తెరిచాక నన్ను మళ్ళీ కనుమ బస్సుకి వేశారు. అప్పుడే ఉడుపిలో రైతుల మేళా జరిగింది. రేకు మీద తన పేరు చూసుకోవాలని ఆచారి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నా బస్సెక్కాడు, మేళాకి నేనూ వెంట వెళ్ళాను. మిషను ముందు జనం మూగి ఉన్నారు. దాని మీద ఇత్తడి రేకు. కేశవ భట్, సదానంద ప్రభు. ఈ ప్రభు ఉడుపిలో లేతు మిషను పెట్టుకున్నవాడు. ఆచారి రేకు చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ తరవాత మిషను వెనక్కి వెళ్ళి, వంగి అక్కడ కూడా చూశాడు.

భట్టుగారు దగ్గరికొచ్చి, "మిషను కావాలా అండీ? తోట ఎన్నెకరాలు?" అని అడిగారు.

"ఈయన ఆచారి!" అని అరిచాను.

భట్టుగారి మొహం పాలిపోయింది. ఆచారి చేతులు రెండూ పట్టుకున్నారు. "ఏం చెయ్యనయ్యా! మీ దారి మూసుకుపోయింది. ప్రభు పొద్దున కాఫీకొస్తే సాయంత్రం దాకా నాతోనే, మిషనుకి బోల్టులు బిగిస్తూ. పేటెంటు కాగితాలు రాసేటప్పుడు పేర్లు అడిగారు. నీ పేరేమిటో నాకు తెలీదు! 'పైన ఆచారి' అని రాయమంటావా? ఈ దూమప్ప ఏనాడైనా చెప్పాడా?"

చెప్పలేదు. మూడేళ్ళలో ఒక్కసారైనా నా నోటి వెంట వామన అన్న మాట రాలేదు. మా వైపు కమ్మరిని పేరుతో పిలిచేదెవరు? అందరికీ ఆచారే. ఛీ, నా నోరు పడిపోను! అంత దూరం కత్తులు మోశాను, రెండు మలుపులైనా ఆయన పేరు మొయ్యలేకపోయాను.

"ఇప్పుడు మార్చడానికి వీల్లేదా?" అని అడిగాడు ఆచారి. "కాగితాలు వెళ్ళిపోయాయయ్యా" అన్నారు భట్టుగారు. తిరుగు ప్రయాణంలో నేను టిక్కెట్టు కొట్టలేదు. ఆచారి పట్టుబట్టి కొట్టించుకున్నాడు.

రెండేళ్ళకి ఆ మిషన్లు కనుమెక్కాయి. మొద్దుబారిన కత్తులు ఆచారి కొలిమికే వచ్చేవి. ఒకరోజు నేనక్కడ కూర్చుని ఉండగా ఓ తోట ఆసామి కత్తి తెచ్చాడు.

"జాగ్రత్త ఆచారీ! ఇది ఉడుపి ప్రభుగారి కత్తి. ఈ మెలిక చెడగొట్టావంటే మళ్ళీ తేవడం నీవల్ల కాదు."

నేను నోరు తెరిచాను. ఆచారి నా మోకాలు గట్టిగా నొక్కి ఆపాడు.

"చూసి చేస్తానయ్యా" అని కత్తి అందుకుని నిప్పుల్లో పెట్టాడు.