కాటరు పిన్ను దొరికిందా?

సైకిళ్ల బాబాయికి పిచ్చి అని వీధిలో చెప్పుకుంటున్నారు. తప్పు. పిచ్చయితే మందుండేది. ఆయన పాత పందెం సైకిలు కనిపిస్తే ఇంటికి మోసుకొస్తాడు, తుప్పు గీకుతాడు, అద్దంలా తోముతాడు, చివర్న "ఇంకొక్క పార్టే తక్కువ" అంటాడు. ఆ ఒక్కటీ దొరకదు. అంతే.

అవి మామూలు సైకిళ్లు కావు, మైదానంలో పందేలకి చేసిన ఉక్కు బళ్లు. బ్రేకులుండవు. చక్రం తిరిగినంతసేపూ పెడలూ తిరగాల్సిందే. ఓసారి బాబాయి ఒకటెక్కి, ఎలా ఆపాలో గుర్తొచ్చేలోపు మంగలి షాపులో తేలాడు.

"కటింగా బాబాయ్, గడ్డమా?" అన్నాడు మంగలి, కత్తి దించకుండా.

పిన్ని బాధ వేరు. ముందుగదిలో ఆవిడ కుర్చీ ఉండాల్సిన చోట ఎర్ర సైకిలొకటి తలకిందులుగా కూర్చుంది. అది పక్కవీధి రేసు పెద్దాయనది, వయసులో ఉండగా కప్పులు తెచ్చిపెట్టిన బండి. భార్య పోయాక దాన్ని పాత ఇనుముకి వేసేస్తుంటే బాబాయి అడ్డుపడ్డాడు. అప్పట్నుంచీ పెద్దాయన రోజూ పొద్దున్నే హాజరు.

"పిన్ను దొరికిందా?"

"కాటరు పిన్నొక్కటే అన్నయ్యా. అది లేందే పెడలు నిలవదు."

"నీకు వెతకడం రాదోయ్. ఆ డబ్బా ఇటు తే!"

ఇక డబ్బాలు బోర్లించడం, పోట్లాడుకోవడం.

"హ్యాండిలేంటోయ్, నేలచూపులు చూస్తోంది?"

"మీ ముక్కుకంటే నయం!"

"ఈ బండి కదిలేదెప్పుడు, నేను కూర్చునేదెప్పుడు?" అని పిన్ని.

"ఇంకొక్క పార్టేనే!"

ఓ పొద్దున టీలోకి పంచదార తీస్తుంటే చెంచాకి ఏదో ఠంగుమంది. చూస్తే కాటరు పిన్ను! శుభ్రంగా తోమి మరీ దాచాడు మహానుభావుడు. ఇవాళ ఈయన బండారం బయటపెట్టాల్సిందేనని పిన్ని పిడికిలి బిగించి విసురుగా ముందుగదిలోకొచ్చింది.

ఆ పిడికిలి చూసి బాబాయి మొహం పాలిపోయింది.

"అమ్మాయ్, ఇంకో ప్లేటు టిఫినుందా?" అన్నాడు పెద్దాయన, చేతులకి గ్రీజుతో. భార్య పోయిన కొత్తలో ముద్ద ముట్టని మనిషి. "మీ ఆయనతో పోట్లాడితే ఆకలేస్తుందమ్మా. ఇంట్లో పోట్లాడ్డానికెవరున్నారు? ఇంతకీ చేతిలో ఏంటది?"

పిన్ని చెయ్యి కొంగు కిందికి పోయింది.

"ఏం లేదు బావగారూ. ఈయనకి చేతకాదు. రేపొచ్చి మీరే వెతకండి."

పెద్దాయన వెళ్లాక బాబాయి నసిగాడు. "ఇంతకీ అదెక్కడ పెట్టావే?"

"ఉప్పు డబ్బాలో."

"అయ్యో, తుప్పు పడుతుందే!"

"పడితే తోముకోండి. మీకదేగా పని!"

అటువైపు వెళ్తే మీరూ ఓసారి తొంగి చూడండి. ముగ్గురూ ఎలా ఉన్నారో కనుక్కోండి. పిన్ను దొరికిందా అనీ అడగండి. టిఫినులో పంటికింద గట్టిగా ఏదైనా తగిలితే మాత్రం కిమ్మనకండి.