పట్టాభిగారి మధ్యాహ్నం కరెంటు

పట్టాభిగారి లెక్కలో కరెంటు వాడదగిన వేళ రోజు మొత్తంలో ఒక్కటే: పగలు పదకొండు నుంచి మూడు దాకా. మిగతా ఇరవై గంటలూ స్విచ్చులు గోడకు అందం కోసం ఉన్నట్టు.

కొత్తపేటలో ఆయన ఇంటి పై వాటాలో నేను ఐదేళ్ళుగా అద్దెకుంటున్నాను. ఆయన సబ్‌స్టేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. నేను దిగిన రోజే చెప్పారు: "సంధ్యారాణి గారూ, మధ్యాహ్నం సోలార్ కరెంటు బోలెడు వస్తుందండి, వాడేవాళ్ళుండరు. సాయంత్రం సూర్యుడు డ్యూటీ దిగగానే అందరూ ఒక్కసారే స్విచ్చులేస్తారు. అప్పుడు బొగ్గు తగలెయ్యాలి." నీళ్ళు ఎన్నింటికి వస్తాయో మాత్రం నేనే అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

పన్నెండున్నరకు ఇండక్షన్ పొయ్యి మీద కాఫీ కాచి, ఫ్లాస్కులో దాచి, సాయంత్రం వచ్చిన చుట్టాలకు పోసేవారు. "పొగలేని కాఫీ అండి" అనేవారు. నిజమే, అప్పటికి దాని మీద పొగలుండేవి కావు. రెండోసారి వచ్చినవాళ్ళు తాగే వచ్చామని గుమ్మంలోనే చెప్పేవారు.

ఒకసారి ఎల్‌బీ నగర్‌లో నిశ్చితార్థానికి వెళ్ళి, ఏడు గంటలకు ఫంక్షన్ హాల్లో సీరియల్ లైట్లు సగం ఆర్పించేశారు. ఆ హడావుడి చూసి పెళ్ళికొడుకు మేనమామ ఆయనే హాలు యజమాని అనుకున్నాడు. "అన్నా, పెరుగు అయిపోయింది, జర చూడు" అన్నాడు. పట్టాభిగారు వెళ్ళి పెరుగు పట్టుకొచ్చారు కూడా.

నా మీద ఆయన ఫిర్యాదల్లా మిక్సీయే. ఆఫీసు నుంచి మెట్రోలో పడి ఇంటికొచ్చి, ఎనిమిదింటికి పప్పు రుబ్బడం మొదలుపెట్టగానే మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"సంధ్యారాణి గారూ, రేపు మధ్యాహ్నం రుబ్బుకోకూడదూ?"

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. "మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉంటాను సార్. మిక్సీ అక్కడికి తీసుకపొమ్మంటరా?"

ఆయన గోడ గడియారం చూసి, కిందికి వెళ్ళిపోయారు. గెలిచాననుకున్నాను.

ఆ తర్వాత కొద్ది నెలలకే కరెంటు కొత్త విధానం ముసాయిదా వచ్చింది. పగలు వాడితే రేటు తక్కువ, సాయంత్రం వాడితే ఎక్కువ. దాని మీద ప్రజలు చెప్పే మాటలను కుదించి నివేదికలో రాసే పని, కరెంటు రేట్లు ఖరారు చేసే మా ఆఫీసులో నాది. బహిరంగ విచారణకు పట్టాభిగారు ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. పండగ చేసుకుంటారనుకున్నాను.

"మధ్యాహ్నం చవక చేయడం మంచిదేనండి. కానీ మధ్యాహ్నం ఇంట్లో ఉండేదెవరు? నాలాంటి పింఛనుదారు. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో పొద్దంతా నిలబడే ఆడపిల్ల ఇల్లు చేరేది ఎనిమిదికి. ఆవిడ దగ్గర ఎక్కువ తీసుకుని నాకు తగ్గిస్తారా? ప్రతి బస్తీలో పగటిపూట నడిచే గ్రైండర్లు, బట్టలుతికే మిషన్లు పెట్టండి. పొద్దున ఇచ్చిపోతారు, సాయంత్రం పట్టుకెళ్తారు. ఆ మాట విధానంలో రాయండి."

"ఇది కరెంటు పాలసీయా సార్, ఇడ్లీ పాలసీయా?" అన్నారెవరో. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆయన చెప్పింది నా మాటేనని తెలియక కాదు. మిక్సీ కోపం ఇంకా తీరలేదు. నివేదికలో ఒక్క వాక్యం రాశాను: "ఇడ్లీపిండిపై ఒక విశ్రాంత ఉద్యోగి సూచన, పరిశీలించనవసరం లేదు." విధానం ఆ మాట లేకుండానే అమల్లోకి వచ్చింది.

మొన్నామధ్య జ్వరమొచ్చి ఒంటిగంటకే ఇంటికొచ్చాను. కింద వరండాలో గ్రైండర్ తిరుగుతోంది. చుట్టూ తొమ్మిది గిన్నెలు, ఒక్కోదాని మీద పేరు రాసిన చీటీ. పక్క సందులో ఉండే యాదలక్ష్మి బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆ రోజు సెలవేమో, గిన్నెలు తుడుస్తూ కూర్చుంది.

"కొత్త రేట్లు ఒచ్చిన కాంచి గిట్లనే అక్కా. పొద్దుగాల నానిన పప్పు పెట్టిపోతం. మేం ఒచ్చేసరికి సార్ రుబ్బి పెడ్తడు. వద్దంటే ఇనడు."

చివరి గిన్నె మీద నా పేరుంది. అది ఖాళీగా ఉంది.

"మీరు అడగలేదు కదండీ. గిన్నె మాత్రం ఉంచాను" అన్నారు పట్టాభిగారు.

మెట్టు మీద కూర్చున్నాను. "సార్, ఆ నివేదికలో మీ మాట కొట్టేసింది నేనే."

"తెలుసండి. చివరి పేజీలో తయారుచేసినవారి పేరుంటుంది."

"మరి నన్నొక్క మాట కూడా అనలేదేంది?"

"అందామనే రెండుసార్లు మెట్లెక్కాను. మీరప్పుడే ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడి ఉన్నారు. దిగొచ్చేశాను."

ఆ వాక్యం మార్చే వీలుందేమో మర్నాడు ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. లేదన్నారు. విధానాన్ని మళ్ళీ సవరించేది మూడేళ్ళకట. ఈ మూడేళ్ళూ ఆ గిన్నెల బరువూ డెబ్బై నాలుగేళ్ళ మనిషి చేతుల మీదే. నేనొక్క వాక్యం సరిగా రాసుంటే ఆ బరువు తప్పేదేమో.

జ్వరం తగ్గాక పప్పు నానబెట్టి వరండాలో పెట్టిపోయాను. సాయంత్రం వచ్చేసరికి పిండి పొంగి మూత ఎత్తేస్తోంది.

"ఉప్పు నేనే వేశానండి" అన్నారాయన. "దాని మీద మాత్రం బహిరంగ విచారణ లేదు."