పాదరసం వచ్చిన వాగు

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు నాకు రాజధాని సువాలోని ఒక ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. వనువా లెవు దీవిలో ఒక పెద్ద నది సముద్రంలో కలిసేచోట పట్టిన చేపల్లో పాదరసం ఉందని తేలాక, అది ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టే పని నా మీద పడింది.

చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది, చేసేది ఒట్టి చాకిరీ. పాదరసం నీళ్లకంటే అడుగు బురదలో ఎక్కువగా పేరుకుంటుంది. అందుకని పడవలో ఏటికి ఎదురు వెళ్తూ, వాగు కలిసిన ప్రతిచోటా ఎగువన కొంత, దిగువన కొంత బురద తీయాలి. సువాకు మోసుకొచ్చి పరీక్షించాలి. మళ్లీ వెళ్లాలి. ఒక్క ఏడాదిలో అయిపోతుందనుకున్నది ఏళ్ల తరబడి సాగింది.

ఆ నది పక్క డ్రెకేటి వైపు వెళ్లినప్పుడల్లా, ఒడ్డున వరి పండించుకునే ఒక ముసలావిడ ఇంట్లో దిగేదాన్ని. ఆమెదీ మాలాగే గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద వచ్చిన తెలుగు కుటుంబం. ఇంట్లో అందరిదీ హిందీయే కాబట్టి, నేను వెళ్తే తెలుగు మాట్లాడటానికి ఒక మనిషి దొరికిందని సంబరపడేది.

"బైఠో బేటీ, చాయ్ తాగు. దొరికిందా నీ పాదరసం?"

"లేదవ్వా."

"కాహే ఇంత తిరుగుతావు? నది పెద్దది, నువ్వు ఒక్క మనిషి."

చివరికి ఒక సన్నటి వాగు దగ్గర తేడా తెలిసింది. వాగు కలవకముందు బురద శుభ్రం, కలిశాక పాదరసం. పడవ నడిపే ఆయనా నేనూ ఆ వాగు వెంట పైకి నడిచాం. గడ్డి కమ్మేసిన పాత బంగారు గని, తుప్పు పట్టిన యంత్రం, పక్కన బంగారం తీశాక పారబోసిన ఇసుక దిబ్బ. వాన పడినప్పుడల్లా ఆ దిబ్బ వాగులోకి జారుతోంది. గని నడిపినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. నాకేమీ సంతోషం కలగలేదు. ఒక రాయి మీద కూలబడ్డాను.

ఆ సాయంత్రం అవ్వకు చెప్పాను, అక్కడ బంగారాన్ని పాదరసంతో పట్టి కాల్చేవారనీ, ఆ పొగ పీల్చినవాళ్లకు చేతులు వణుకుతాయనీ. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"మా బుడ్ఢా, నా మొగుడు, అక్కడే కామ్ చేసె," అంది. "చేతులు వణికె. చెంచా పట్టలేకపోయె. ఆ యంగోనా మత్తు తాగి తాగి ఇట్టా అయినావని నేను గాలీ ఇచ్చినా. రోజూ తిట్టినా."

"నీకు తెలియదు కదా అవ్వా."

"ఆయనకీ తెలీదు. నాకు సారీ చెప్పె. తాగేది బంద్ చేసె." "అయినా వణికె."



దిబ్బను కదిలిస్తే మరింత పాదరసం కిందికి పోతుందని, ప్రభుత్వం వాళ్లు పైన మట్టి కప్పించారు. తుఫానుకు సగం కొట్టుకుపోయింది. మళ్లీ కప్పించారు. నదిలో అప్పటికే దిగినదాన్ని తీయడం ఎవరి వల్లా కాలేదు. పాదరసం ఎక్కువ పేరుకునే పెద్ద చేపలు తినొద్దని ఊరూరా చెప్పడం నా పనైంది. జనం తలూపేవారు, సాయంత్రం గాలాలు వేసేవారు. వాళ్లను తప్పుపట్టే ఓపిక కూడా నాకు మిగల్లేదు.

తర్వాత వెళ్లినప్పుడు అవ్వ గని మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పప్పూ అన్నం పెట్టింది. తిని, అక్కడే చాప మీద పడి నిద్రపోయాను.