లైటు స్విచ్ ఏ వైరుకు పెట్టాలి

ఆదోనిలో వైర్‌మన్ పరీక్షకు పాఠాలు చెప్తుంటాను. మా క్లాసులో ప్రశ్నలు ఎవరూ చదవరు. గైడులోని ప్రశ్న నంబరు నేను చెప్తాను, జవాబు అక్షరం వాళ్లు అరుస్తారు. అదే మా చదువు.

ఈ రోజు ఒక నంబరు దగ్గర ఆగిపోయాను. లైటు స్విచ్ ఏ వైరుకు పెట్టాలన్నది ప్రశ్న. కరెంటు వచ్చే ఫేజు వైరుకు పెట్టాలి. గైడులో కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరుకు అని అచ్చేశారు. అలా పెడితే స్విచ్ ఆపగానే బల్బు ఆరుతుంది గానీ హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. చెయ్యి పెట్టినవాడు పోతాడు. అందరినీ దిద్దుకోమన్నాను.

ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చే ఖాజా పెన్ను తియ్యలేదు. అతను ఈ పరీక్ష రెండోసారి రాస్తున్నాడు.

"పోయినసారి నేను ఫేజనే పెట్టినాను సార్. తప్పని కొట్టేసినారు. పేపరు తయారుచేసేటోళ్లు గూడా ఈ గైడే సూస్తారు. పాస్ కావల్లంటే ఏది రాయల్లో మీరే సెప్పండి."

"పరీక్షలో న్యూట్రల్ రాయి. ఇండ్లలో ఫేజుకే పెట్టు" అన్నాను.

"రెండూ గుర్తు పెట్టుకోవల్లనా సార్?" అన్నాడు. నవ్వుతూ అడగలేదు.

సాయంత్రం మా ఇంట్లో బాత్రూం బల్బు మాడిపోయింది. మార్చే ముందు వెళ్లి మెయిన్ ఆపేశాను.

"ఒగ బల్బు కోసం ఇల్లంతా సీకటి సేసినారు. ఆ స్విచ్ ఆపితే సాలదా?" అంది మా ఆవిడ.

మా ఇంటికి వైరింగ్ చేసినతను ఈ పరీక్ష మొదటిసారే మంచి మార్కులతో పాసైనవాడు. మీ ఇంటికి చేసినతను కూడా పాసైనవాడేనా?