సరిగా ఊదలేదు

ఆసుపత్రిలో ఊపిరి పరీక్ష గదిలోంచి, పరీక్ష చేసే ఆవిడ గొంతు వరండా చివరిదాకా వినిపిస్తుంది. "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా!" రోగి గొట్టంలోకి ఊదుతుంటే ఆవిడ బుగ్గలూ ఉబ్బుతాయి. మిషన్ మీద అంకె తగ్గితే ఆవిడకి మనిషి మీదే అనుమానం. మొన్న ఎండలో ఉత్తరాలు పంచి వచ్చిన పోస్టుమాన్‌ని మూడుసార్లు ఊదించి, "గట్టిగా ఊదితే మీ సొమ్మేం పోయిందయ్యా?" అని కసిరి, కాగితం మీద "సరిగా ఊదలేదు" అని రాసేసింది. ఆయన దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

డ్యూటీ ఎక్కగానే మిషన్‌లోకి ముందు తనే ఊదడం ఆవిడ అలవాటు. ఇవాళ బస్సు దొరక్క, మబ్బు తునకైనా లేని ఆకాశం కింద, బండ్ల రద్దీలో గంటసేపు గబగబా నడిచి మధ్యాహ్నం డ్యూటీకి వచ్చింది. ఊదితే అంకె పడిపోయింది. మళ్ళీ ఊదబోతే ఛాతీ పట్టేసి దగ్గొచ్చింది. మిషన్ పాడైందని డాక్టరమ్మకి చెప్పింది. డాక్టరమ్మ పెద్ద సిరంజితో కొలిచిన గాలి మిషన్‌లోకి పంపి చూసి, ఇవాళ ఎలా వచ్చారని ఆవిడని అడిగి తెలుసుకుంది.

"మిషన్ నిక్షేపంగా ఉంది. బండ్ల పొగ ఎండకి ఓజోన్ అనే, ఊపిరితిత్తులకి పడని వాయువుగా మారుతుంది. కంటికి కనపడదు. అది పీల్చాక ఎంత ఊదినా ఇంతే. రేపటికి సర్దుకుంటుందిలెండి."

ఆవిడ బీరువాలోంచి పోస్టుమాన్ కాగితం తీసి, తను రాసిన రెండు మాటలూ కొట్టేసి, కింద ఇలా రాసింది: "ఎండలో తిరిగి వచ్చారు. నేను అడగలేదు."