గుండె బాగుపడ్డాక

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరి చూపూ నా ఛాతీ మీదే ఉండేది. పుట్టుకతోనే నా గుండెలో లోపం ఉందట. ఏడిస్తే పెదవులు నీలంగా మారిపోయేవట. ఊహ తెలియకముందే నన్ను నాగపూర్ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. మా నాన్న రైల్వే ఉద్యోగి. శ్రీకాకుళం నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో, రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నేను కాస్త వేగంగా మెట్లెక్కినా చాలు, అమ్మ వెనకే వచ్చి నా వీపుకు చెవి ఆనించి గుండె చప్పుడు వినేది.

గుండె బాగానే కొట్టుకుంటోంది. చదువు దగ్గరే ఏదో తేడా వచ్చింది. మూడో తరగతిలో టీచరు, "పుస్తకం మూసి, పెన్సిలు తీసి, తేదీ రాయండి" అంటే నేను పుస్తకం మూసి అలాగే కూర్చునేదాన్ని. మిగతా మాటలు ఎక్కడికి పోయేవో నాకు తెలిసేది కాదు. "ధ్యాన్ హీ నహీ దేతీ," అసలు శ్రద్ధే పెట్టదని టీచరు అమ్మతో అన్నారు. ఆపరేషన్ సంగతి బడిలో చెప్పలేదు. చెబితే పేరు తీసేస్తారని అమ్మ భయం.

ఆ రోజు వంటింట్లో అమ్మ నాన్నతో అంటూంటే విన్నాను. "ఆపరేషన్‌లో పిల్ల బుర్రకేటైనా అయిపోనాదేమోనండీ."

"బతికింది. అది చాలదా?" అని నాన్న మాట తుంచేశాడు. కానీ అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

అప్పటినుంచి అమ్మ సాయంత్రాలు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు వేసేది. పొద్దున్న ఏం తిన్నావు, బడిలో ఏం చెప్పారు, నిన్న ఎవరొచ్చారు. ఆమె కళ్ళలో భయం చూస్తే నాకు తెలిసిన జవాబు కూడా నోట్లోనే ఆగిపోయేది. నేను ఆగేకొద్దీ ఆ భయం పెరిగేది.

మా పక్కింటి అత్తయ్యది గోదావరి వైపు. పిల్లల వార్డులో నర్సు. ఏటా నన్ను గుండె పరీక్షకు తీసుకెళ్ళేటప్పుడు అమ్మకు తోడు వచ్చేది. ఆ ఏడు పరీక్ష రోజున అమ్మ నాకు జడ వేస్తూ, బడి వదిలాక గేటు దగ్గరే ఉండమనీ, తనూ అత్తయ్యా వచ్చి తీసుకెళ్తారనీ, శంకర్ నగర్‌లో డాక్టరు దగ్గరికి వెళ్ళాలనీ గబగబా చెప్పింది. బడి వదిలేసరికి నా దగ్గర మిగిలినవి శంకర్ నగర్, డాక్టరు మాత్రమే. నా క్లాసు పిల్ల ఒకతి శంకర్ నగర్ నుంచే ఆటోలో వచ్చేది. ఆ ఆటో ఎక్కేశాను.

అమ్మ వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. అమ్మ మొదట పరిగెత్తింది బడి వెనకున్న రైలు పట్టాల వైపేనని అత్తయ్య చాలా ఏళ్ళ తర్వాత నాతో చెప్పింది. పట్టాల వెంట నా పేరు పెట్టి అరుస్తూ వెళ్ళిందట. అత్తయ్యే ఆలోచించి, ఒకసారి డాక్టరు దగ్గర కూడా చూద్దామని ఆమెను రిక్షా ఎక్కించింది.

నేను అక్కడే ఉన్నాను. ఏటా వచ్చే చోటే కాబట్టి ఆటో దిగి దారి పట్టుకున్నాను. క్లినిక్ ఇంకా తెరవలేదు. మూసిన షట్టరు ముందు మెట్ల మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని, అమ్మ ఇంకా ఎందుకు రాలేదా అని రోడ్డు వైపే చూస్తున్నాను. రిక్షా పూర్తిగా ఆగకుండానే అమ్మ దూకేసింది.

"ఎక్కడికెల్లిపోనావే!" అంటూ చెయ్యెత్తింది.

అత్తయ్య ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగండి వదినా. ముందు అదేం విందో అడుగుదామండి."

నా పక్కన మెట్టు మీద కూర్చుని, పొద్దున్న అమ్మ చెప్పిన మాటల్లో నా దగ్గర ఏం మిగిలాయని అడిగింది. పరీక్షలా అడగలేదు. అందుకే నోరు పెగిలింది. "శంకర్ నగర్, డాక్టరు. ముందు ఏదో చెప్పింది, అది పోయింది," అన్నాను. అమ్మ నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

డాక్టరుగారు గుండె చూసి బాగుందన్నాక మామూలుగా మేం లేచి వచ్చేసేవాళ్ళం. ఆ రోజు అత్తయ్య లేవలేదు. బడి సంగతీ, ఆటో సంగతీ అన్నీ చెప్పింది. ఇలాంటి గుండెతో పుట్టిన పిల్లల్లో కొందరికి, కడుపులో ఉన్నప్పటినుంచే మెదడుకు ప్రాణవాయువు సరిగా అందక, ధ్యాస, జ్ఞాపకం కాస్త వేరుగా పెరుగుతాయని ఆయన వివరించారు. గుండె బాగుపడ్డాక కూడా మెదడు ఎదుగుదలను చూసుకుంటూ ఉండాలన్నారు. తన తప్పేమైనా ఉందా అని అమ్మ అడిగింది. ఎవరి తప్పూ లేదన్నారాయన. అమ్మ మళ్ళీ అదే అడిగింది.

తర్వాతి వారం ఇంకోచోట నాకు బొమ్మలు, చెక్కముక్కలు ఇచ్చి పరీక్ష చేశారు. తలుపు అద్దంలోంచి అమ్మ ముఖం కనిపిస్తూనే ఉంది. నాకు అర్థం చేసుకునే శక్తి బాగానే ఉందనీ, ఒకేసారి చెప్పిన నాలుగు మాటలు పట్టుకోవడమే కష్టమనీ తేలింది. అత్తయ్య మాట మీద అమ్మ బడికి వెళ్ళి, భయపడుతూనే టీచరుకు అంతా చెప్పింది. పేరు తీసేయలేదు. ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ఇంట్లో ఒక మాట చెప్పి, అది నా నోటితో అనిపించి, ఆ తర్వాతే రెండోది చెప్పేవాళ్ళు.

దాంతో అంతా సర్దుకుందని చెప్పలేను. ఐదో తరగతి రెండేళ్ళు చదివాను. లెక్కలు ఇప్పటికీ నాకు బరువే. అమ్మ భయం కూడా పూర్తిగా పోలేదు, ఫోన్‌లో నేను కాసేపు మౌనంగా ఉంటే ఆమె గొంతు మారుతుంది.

ఇప్పుడు నేను అభన్‌పూర్ దగ్గర చిన్న పిల్లల బడిలో టీచరుని. నా తరగతి పిల్లలు ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు. చెప్పింది ఒకటైతే చేసింది ఇంకొకటైన పిల్లవాడిని చూస్తే నాక్కూడా కోపం వస్తుంది, గొంతు లేస్తుంది. అప్పుడు వాడి పక్కన నేల మీద కూర్చుంటాను. "కా సునే హస్?" అంటాను, ఏం విన్నావురా అని. వాడు చెప్పేదాకా ఆగుతాను.